ఇర్రెగ్యులర్ అని చెప్పి వదిలేయకండి



మన గ్రూపులో ఎప్పుడూ స్కాలర్‌షిప్ గురించో, మెస్ బిల్లు గురించో, నోటిఫికేషన్ల గురించో రాసుకుంటాం. ఈసారి మేము రాస్తున్నది స్పానిష్ వ్యాకరణం గురించి. నవ్వకండి. చివరిదాకా చదివాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

మేము హాస్టల్లో ఒకే రూములో ఉండే ఐదుగురం. ఒకరిది ఉట్నూరు వైపు, ఇద్దరిది భద్రాచలం ఏజెన్సీ, ఒకరిది దేవరకొండ దగ్గర తండా, ఒకరిది సీతంపేట కొండలు. ఐదుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. డిగ్రీలో రెండో భాషగా స్పానిష్ తీసుకున్నాం. ఎందుకంటే మిగతా భాషలను స్కూల్ నుంచే చదివి వచ్చినవాళ్ళుంటారు. స్పానిష్ అయితే అందరూ సున్నా నుంచే మొదలుపెడతారు, అక్కడైనా అందరితో సమానంగా గీత మీద నిలబడొచ్చు అనుకున్నాం.

మొదటి నెల నిజంగానే సమానంగా నడిచింది. తర్వాత ‘ఇప్పుడు జరుగుతున్న పని’ పాఠం వచ్చింది. తింటున్నాను, వస్తున్నాడు, నిద్రపోతున్నారు, ఇలాంటివి. మామూలు క్రియలు బాగానే రాశాం. ఇర్రెగ్యులర్ క్రియలు రాగానే కుప్పకూలాం. ఇంటర్నల్ టెస్టులో మా రూము మొత్తంలో ఎక్కువ మార్కులు 20కి 9. తక్కువ 5. మాలో ఒకడు సబ్జెక్టు మార్చుకుంటానని దరఖాస్తు కూడా రాసి దిండు కింద పెట్టుకున్నాడు.

క్లాసులో మాకు చెప్పింది ఇంతే: “ఇవి ఇర్రెగ్యులర్. వీటికి లాజిక్ ఉండదు. లిస్టు బట్టీ పట్టండి. ఇంగ్లీషులో ఐఎన్‌జీ పెడతారు కదా, ఇదీ అంతే.” అప్పుడు పక్క వరసలోంచి ఎవరో “ఆ ఐఎన్‌జీనే రాకపోతే?” అన్నారు. నవ్వులు. మేము గొడవ పడలేదు. రూముకొచ్చి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. పది రోజులు కూర్చున్నాక మాకు తెలిసింది ఏమిటంటే, ఆ మాటల్లో రెండూ తప్పే. ఇర్రెగ్యులర్ క్రియలకు లాజిక్ ఉంది. ఆ లాజిక్ పట్టుకోవడానికి ఇంగ్లీషు కంటే మనకు వచ్చిన భాషే దగ్గరి దారి. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

ముందు పునాది. స్పానిష్‌లో జరుగుతున్న పనికి రెండు ముక్కలు కావాలి. మొదటి ముక్క ‘ఎస్తార్’ అనే క్రియ. ఎస్తోయ్ అంటే నేను ఉన్నాను, ఎస్తాస్ అంటే నువ్వు ఉన్నావు, ఎస్తా అంటే అతను లేక ఆమె ఉంది, ఎస్తామోస్ మనం ఉన్నాం, ఎస్తాయిస్ మీరు ఉన్నారు, ఎస్తాన్ వాళ్ళు ఉన్నారు. రెండో ముక్క పని మాట. క్రియ చివర ‘ఆర్’ ఉంటే తీసేసి ‘ఆందో’ పెట్టాలి: ఆబ్లార్ (మాట్లాడు) ఆబ్లాందో అవుతుంది. ‘ఏర్’, ‘ఈర్’ ఉంటే తీసేసి ‘ఇయెందో’ పెట్టాలి: కొమేర్ (తిను) కొమియెందో, ఎస్క్రిబీర్ (రాయి) ఎస్క్రిబియెందో.

ఎస్తోయ్ కొమియెందో. ఉన్నాను, తింటూ.

ఇది ఎక్కడో విన్నట్టు లేదా? ‘తింటున్నాను’ని విడదీసి చూడండి: తింటూ + ఉన్నాను. స్పానిష్ వాడు ‘ఉన్నాను’ ముందు చెప్పి ‘తింటూ’ తర్వాత చెప్తాడు, మనం తిరగేసి చెప్తాం. తేడా అంతే. ఇంకో సంగతి. స్పానిష్‌లో ‘బీ’ లాంటి క్రియలు రెండున్నాయి, సేర్, ఎస్తార్. ఇంగ్లీషులో ఆలోచిస్తే ఏది పెట్టాలో తెలియక తల పట్టుకుంటాం. తెలుగులో ‘నేను విద్యార్థిని’ అంటే క్రియే ఉండదు, ‘నేను హాస్టల్లో ఉన్నాను’ అంటే ‘ఉండు’ వస్తుంది. మొదటిచోట వాళ్ళకు సేర్, రెండోచోట ఎస్తార్. ఇది అన్నిచోట్లా సరిగ్గా కుదరదు. కానీ జరుగుతున్న పని దగ్గర మాత్రం ఎప్పుడూ తప్పదు: తెలుగులో ‘తూ ఉన్నా’ ఉన్నట్టే అక్కడ ఎస్తార్ ఉంటుంది.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. మాకిచ్చిన లిస్టులో నలభై దాకా క్రియలున్నాయి. వాటిని కత్తిరించి చీటీలు చేసి, మంచం మీద పోసి, ఒకేలా మారేవాటిని ఒక కుప్పగా పెట్టాం. నలభై రోగాలు కాదు, పెద్ద కుప్పలు మూడే తేలాయి.

మొదటి కుప్ప: ఎ పోయి ఇ వచ్చేవి. పెదీర్ (అడుగు) పిదియెందో. సెర్బీర్ (వడ్డించు) సిర్బియెందో. దెసీర్ (చెప్పు) దిసియెందో. బెనీర్ (వచ్చు) బినియెందో. సెంతీర్ (అనుభూతి చెందు) సింతియెందో.

రెండో కుప్ప: ఒ పోయి ఉ వచ్చేవి. దోర్మీర్ (నిద్రపో) దుర్మియెందో. మోరీర్ (చచ్చు) మురియెందో.

ఎందుకు మారతాయి? నోటితో పలికి చూడండి. ‘దోర్మియెందో’ అనబోతే వెనక నుంచి ‘మియె’ వస్తోంది కదా, దానికోసం నాలుక పైకి లేవాలి. ముందున్న అచ్చు కూడా ఆ ఎత్తుకే లేచి కూర్చుంది. ఎ పైకి లేస్తే ఇ, ఒ పైకి లేస్తే ఉ. ఇలాంటి పని మనమూ రోజూ చేస్తాం. కత్తి ఒకటైతే కత్తి, రెండైతే కత్తులు. ‘కత్తిలు’ అనం. వెనకొచ్చిన ‘లు’ ముందున్న ఇని ఉగా లాగేసుకుంది. మనిషి మనుషులు అయ్యిందీ అలాగే. మనకెవరూ లిస్టు ఇచ్చి బట్టీ పట్టించలేదు. నోరే నేర్పింది.

ఇక్కడ ఒక షరతుంది, గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ మార్పు చివర ‘ఈర్’ ఉన్న క్రియలకే. ‘ఏర్’ ఉన్నవాటికి లేదు. పెర్దేర్ (పోగొట్టుకొను) పెర్దియెందోనే, బోల్బేర్ (తిరిగివచ్చు) బోల్బియెందోనే, యోబేర్ (వాన పడు) యోబియెందోనే. రోజువారీ మాటల్లో ఈ హద్దు దాటింది మాకు ఒక్కటే కనిపించింది: పొదేర్ (చేయగలుగు) పుదియెందో అవుతుంది. దాన్ని మాత్రం బట్టీ పట్టండి. నలభైలో ఒకటి బట్టీ పడితే ఎవరూ చావరు.

మూడో కుప్ప: య్ వచ్చేవి. లెఏర్ (చదువు) లెయెందో. ఓఈర్ (విను) ఓయెందో. త్రాఏర్ (తెచ్చు) త్రాయెందో. క్రెఏర్ (నమ్ము) క్రెయెందో. కాఏర్ (పడు) కాయెందో. ‘ఏర్’ తీసేస్తే లె మిగిలింది. దానికి ‘ఇయెందో’ కలిపితే అచ్చు మీద అచ్చు పడుతుంది. రెండచ్చుల మధ్య నలిగిన ఇ, య్‌గా మారిపోతుంది. పదో తరగతిలో యడాగమం చదివాం గుర్తుందా? మా + అమ్మ = మాయమ్మ. అక్కడ య్ కొత్తగా వచ్చి చేరుతుంది, ఇక్కడ ఉన్న ఇ య్‌గా మారుతుంది. దారి వేరు, అవసరం ఒకటే: రెండచ్చులు పక్కపక్కన పడితే నోటికి మధ్యలో ఒక మెట్టు కావాలి. ఈర్ (వెళ్ళు) అయితే ఇంకా చిత్రం. ‘ఈర్’ తీసేస్తే ఏమీ మిగలదు! ఒట్టి ‘ఇయెందో’ మిగిలింది. మాట మొదట్లో కూడా దాన్ని య్‌తోనే మొదలుపెడతారు కాబట్టి యెందో. అందరూ భయపడే యెందో కథ ఇంతే.

రెఈర్ (నవ్వు) లాంటివి కొన్ని మిగులుతాయి. అది రియెందో. ఎ లేచి ఇ అయ్యింది, పక్కనే ఇంకో ఇ ఉంది, రెండింట్లో ఒకటి పడిపోయింది. ఇదీ మొదటి కుప్పలోదే అనుకోండి.

మరి మేము టెస్టులో ఎక్కడ పోగొట్టుకున్నాం? ఐదుగురం ఒకే తప్పు చేశాం. ‘నిద్రపోతాను’ని ద్వేర్మో అంటారని అంతకుముందు పాఠంలో నేర్చుకున్నాం కాబట్టి ‘నిద్రపోతూ’ కూడా ‘ద్వేర్మియెందో’ అవుతుందనుకున్నాం. తప్పు. ద్వేర్మోలో నొక్కి పలికేది మొదటి అక్షరాన్ని. ఆ నొక్కుడుకే ఒ విడిపోయి వె అయ్యింది. దుర్మియెందోలో నొక్కుడు వెనక్కి, ‘యెన్’ మీదకి జరిగింది. బరువు పోయాక ముందక్షరం విడిపోవాల్సిన పని లేదు. అందుకే ప్యేన్సో (ఆలోచిస్తాను) అన్నా ఎస్తోయ్ పెన్సాందోనే, హ్వేగో (ఆడతాను) అన్నా ఎస్తోయ్ హుగాందోనే. ఈ ఒక్క ముక్క టెస్టుకు ముందు ఎవరైనా చెప్పి ఉంటే 9 కాస్తా 15 అయ్యేది.

ఇప్పుడు మా రెండో మాట. ఇంగ్లీషు దారిలో వెళ్తే తప్పు దారి పట్టే చోట్లు, తెలుగు దారిలో వెళ్తే సరిగ్గా చేరే చోట్లు చూడండి.

‘అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు.’ ఇంగ్లీషులో దీనికీ ‘ఈజ్ సిట్టింగ్’ అంటారు. అది చూసి స్పానిష్‌లో ఆందో పెడితే తప్పు. వాళ్ళు ‘ఎస్తా సెంతాదో’ అంటారు, అంటే కూర్చుని ఉన్నాడు. ఇప్పుడిప్పుడే వంగి కూర్చుంటున్నాడంటేనే ‘ఎస్తా సెంతాందోసె’. కూర్చుని ఉన్నాడు, కూర్చుంటున్నాడు. ఈ తేడా మన ఇళ్ళల్లో మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

‘ఈత కొట్టడం మంచిది.’ ఇంగ్లీషులో ‘స్విమ్మింగ్’ అంటారు, మళ్ళీ అదే ఐఎన్‌జీ. స్పానిష్‌లో ఇక్కడ నాదాందో రాదు, ‘నాదార్ ఎస్ బ్వేనో’ అనాలి. మనకు కొట్టడం వేరు, కొడుతూ వేరు. ‘తూ’ ఉంటేనే ఆందో, ఇయెందో. ‘డం’ ఉంటే క్రియ మూలరూపం. ఇంగ్లీషు ఒకే సంచిలో వేసినదాన్ని తెలుగు, స్పానిష్ రెండూ వేర్వేరు సంచుల్లో పెట్టుకున్నాయి.

అసలు మన ‘తూ’ ఎంత ఇర్రెగ్యులరో ఎప్పుడైనా చూశారా? తిను తింటూ అవుతుంది, తినుతూ కాదు. వచ్చు వస్తూ. ఇచ్చు ఇస్తూ. పోవు పోతూ. బయటివాళ్ళెవరైనా తెలుగు నేర్చుకుంటే ఈ లిస్టు చూసి మాలాగే దిండు కింద దరఖాస్తు పెట్టుకుంటారు. మనం మాత్రం రోజుకు వందసార్లు తప్పు లేకుండా వాడతాం. ఇలాంటి క్రియలు మోసే బుర్ర మన దగ్గర ముందే ఉంది.

అలాగని తెలుగు ఎప్పుడూ కాపాడుతుందని మేము చెప్పం. రెండు చోట్ల ముంచుతుంది. ‘రేపు ఊరికి వెళ్తున్నాను’ అంటాం మనం. ఇంగ్లీషు వాళ్ళూ అలాగే అంటారు. స్పానిష్‌లో రేపటి పనికి ఎస్తోయ్ యెందో పనికిరాదు. ‘మాన్యానా బోయ్ అ మి ప్వేబ్లో’ అని మామూలు వర్తమానంలో చెప్పాలి. ఎస్తార్ పెట్టారంటే పని ఇప్పుడు నడుస్తూ ఉండాలి. రెండోది, ‘ఆకలేస్తోంది’. జరుగుతున్న పనిలాగే ఉంది, కానీ వాళ్ళకు ఆకలి వేయదు, ఉంటుంది: ‘తేంగో ఆంబ్రె’, నాకు ఆకలి ఉంది. ఈ రెండూ గోడ మీద రాసి పెట్టుకున్నాం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పైన ‘మన తెలుగు’ అని రాశాం గానీ, మాలో చాలామందికి తెలుగు కూడా బడి భాషే. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ. సీతంపేట తమ్ముడి సవర భాష తెలుగుకు చుట్టం కూడా కాదు, అది ముండా కుటుంబం. చిన్నప్పుడు బళ్ళో వాడి తెలుగుకు నవ్వారు, ఇప్పుడు ఇక్కడ ఇంగ్లీషుకు నవ్వుతున్నారు. వాడే అన్నాడు, “నాకు ఇది మూడోసారి రా, భాష మార్చడం అలవాటే.” ఆ మాట మాకు ధైర్యం ఇచ్చింది. మూడో భాష, నాలుగో భాష నేర్చుకోవడంలో మనం వెనకబడినవాళ్ళం కాదు, మిగతావాళ్ళకంటే అనుభవం ఉన్నవాళ్ళం. లంబాడీ తమ్ముడికైతే స్పానిష్ దూరపు బంధువే. సాత్ అంటే ఏడు, వాళ్ళకు సియేతె. నవ్ అంటే తొమ్మిది, న్వేబె. దస్ అంటే పది, ద్యేస్. రెండు భాషల మూలం వేల ఏళ్ళ వెనక ఒకటే.

ఈ క్రియల వెంటపడి చదువుతుంటే ఒక సంగతి దొరికింది. మీ అందరికీ చెప్పాలనిపించింది. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ అనే దేశం ఉంది. దాని కొండ ప్రాంతాల్లో ఆదివాసుల భాష కిచ్వా. అక్కడి కొండల స్పానిష్‌లో “కాస్త తెచ్చిపెట్టు” అని మర్యాదగా అడగాలంటే ‘దామె త్రాయెందో’ అంటారు. ముక్కకు ముక్క చూస్తే ‘నాకు ఇవ్వు, తెస్తూ’. స్పెయిన్‌లో ఇలా అనరు. ఇది కిచ్వా నుంచి స్పానిష్‌లోకి ఎక్కిన వాడుక. మనం ‘తెచ్చి పెట్టు’, ‘తెచ్చి ఇవ్వు’ అన్నట్టే. చూడండి, వాళ్ళ మీద రుద్దిన భాష అది. ఆ భాషలోకే వాళ్ళు తమ మాట తీరును తీసుకెళ్ళి పెట్టారు. అది కూడా మన మూడో కుప్పలోని త్రాయెందోతోనే!

స్పానిష్ రాజుల భాషగా వెళ్ళింది నిజమే. కానీ అక్కడి ఆదివాసులు దాన్నే తమ గొంతుగా కూడా వాడుకున్నారు. గ్వాటెమాలాలో కిచే మాయా తెగకు చెందిన రిగోబెర్తా మెంచూ స్పానిష్ నేర్చుకున్నది పెద్దయ్యాకే. తన వాళ్ళ మీద జరిగిన హింసను ఆ భాషలోనే ప్రపంచానికి చెప్పింది. 1992లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆమె ‘ఎస్తాన్ మురియెందో’, చచ్చిపోతున్నారు, అనే మాట నేర్చుకున్నది టెస్టులో మార్కుల కోసం కాదు కదా.

“ఇంగ్లీషే సరిగ్గా రాదు, మనకెందుకు స్పానిష్?” అని కొందరు సీనియర్ అన్నలు అడిగారు. ప్రశ్న తప్పు కాదు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ప్రతి గంటకూ లెక్క చెప్పుకోవాలి. మా జవాబు ఇది. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. హైదరాబాద్ కంపెనీల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు గుంపులు గుంపులుగా ఉన్నారు, స్పానిష్ వచ్చినవాళ్ళు కొద్దిమందే. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీని పెట్టింది స్పెయిన్ నుంచి వచ్చిన విసెంతె ఫెరేర్. శ్రీశైలం అడవుల్లో చెంచుల మధ్య కూడా ఆ సంస్థ పని ఉంది. అంటే ఈ భాష మన గూడేల దాకా ఎప్పుడో వచ్చింది, మనమే దాని దాకా వెళ్ళలేదు. పైగా స్పానిష్‌తో కుస్తీ పడ్డాక మా ఇంగ్లీషు కూడా కాస్త తేటపడింది. ఐఎన్‌జీ ఎన్ని రకాలుగా వాడతారో మాకు అర్థమైంది ఇప్పుడే. అయినా అందరూ స్పానిష్ తీసుకోండి అని మేము అనడం లేదు. తీసుకున్నవాళ్ళు, తమకు తలకెక్కదనుకుని మధ్యలో వదలొద్దు అంటున్నాం.

పాఠం చెప్పేవాళ్ళను మేము అడిగేది ఒక్కటే. ‘లాజిక్ లేదు, బట్టీ పట్టు’ అనకండి. బట్టీ పట్టమంటే ఇంట్లో ట్యూషనూ టైమూ ఉన్నవాళ్ళు పడతారు. కారణం చెప్తే మేమూ అందుకుంటాం. క్లాసులో ఒక్కసారి ‘తూ ఉన్నాను’ అని బోర్డు మీద రాస్తే నష్టం ఏమీ లేదు.

మన గ్రూపును అడిగేది ఇంకోటి. ఈ మూడు కుప్పలనూ ఒక పేజీలో రాసి హాస్టల్ గోడకు అతికించాం. పరాయి భాషలు తీసుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే మీరు కూడా మీ నోట్సు తెలుగులో రాసి ఇక్కడ పెట్టండి. అలాగే తింటున్నాను, వస్తున్నాను, నిద్రపోతున్నాను అనే మూడింటినీ మీ ఇంటి భాషలో ఎలా అంటారో రాయండి. కోయలో, కొలామిలో, కువిలో ‘ఉన్నా’ లాంటి ముక్క వస్తుందా, అసలు అక్కర్లేదా, కలిసి చూద్దాం. తర్వాత బ్యాచికి అది మా పేజీ కంటే మంచి పేజీ అవుతుంది.

రెండో టెస్టు వచ్చే నెల. దిండు కింద దరఖాస్తు ఇంకా అక్కడే ఉంది, చింపలేదు. టెస్టు అయ్యాక చూద్దాం అంటున్నాడు వాడు. ప్రస్తుతానికి రాత్రి భోజనం అయ్యాక చీటీలు మంచం మీద పోసుకుని కూర్చుంటున్నాడు. స్పానిష్‌లో ఎస్తార్ బదులు సెగీర్ పెడితే ‘ఆపకుండా చేస్తూనే ఉన్నాం’ అని అర్థం వస్తుంది. మాకు బాగా నచ్చిన వాక్యం అదే:

సెగీమోస్ ఎస్తుదియాందో. చదువుతూనే ఉన్నాం.

జై జోహార్.